వెనక సీటు కింద రోడ్డు

మా వీధి మొత్తానికి కారు ఒక్కటే ఉందని పెళ్లికారాయన నమ్మకం. బ్యాంకు మేనేజరు కొత్తగా కొన్న ధగధగలాడే వాహనం, కూరగాయల వ్యాను, మలుపులో ఆగే బస్సు, ఇవన్నీ ఆయన దృష్టిలో బండ్లు. కారు అనిపించుకునే అర్హత ఆయన షెడ్డులో ఉన్నదానికి ఒక్కదానికే. మీగడ రంగు ఒళ్లు, ముదురెరుపు మడ్‌గార్డులు, గుడ్లగూబ కళ్లలాంటి లైట్లు, వెనక కిటికీలకు కుచ్చుల తెరలు. దాని గురించి మాట్లాడవలసి వస్తే ఆయన మర్యాదగా బహువచనంలోకి దిగేవాడు. "కారుగారికి ఇవాళ కాస్త నలతగా ఉంది, రేపు కనపడండి" అని పెళ్లివారిని వెనక్కి పంపిన సందర్భాలున్నాయి. పెళ్లివారు కూడా "అలాగేనండీ, వారి ఆరోగ్యం జాగ్రత్త" అని చెప్పి వెళ్లిపోయేవారు.

తల్లిదండ్రులు పెట్టిన పేరు ఆయనకొకటి ఉండే ఉంటుంది. దాని అవసరం మాకెవరికీ పడలేదు.

వయసులో ఉన్నప్పుడు ఆయన ఒక డాక్టరుగారి దగ్గర డ్రైవరు. డాక్టరుగారు వెనక సీటు మూల కూర్చుని, పేపరు ముఖానికి అడ్డం పెట్టుకుని రోగుల ఇళ్లకు వెళ్లేవారు. కారు ఆగగానే డ్రైవరు దిగి తలుపు తీయాలి. ఒక చెయ్యి తలుపు మీద, రెండోది వీపు వెనక, తల కాస్త వంచి. ఈ భంగిమను ఆయన ఎంత శ్రద్ధగా అభ్యసించాడంటే, తర్వాత ఇంట్లో బీరువా తలుపు తీసేటప్పుడు కూడా అదే వచ్చేది. కొన్నాళ్లకు డాక్టరుగారి మోకాళ్లు, చూపు ఒకదాని వెంట ఒకటి సెలవు తీసుకున్నాయి. "నేనిక ఎక్కడికీ వెళ్లనోయ్. నువ్వూ అదీ వెళ్లండి" అని ఆయన తాళంచెవి డ్రైవరు చేతిలో పెట్టారు. డ్రైవరు కళ్లనీళ్లు పెట్టుకుని, చేతిలో ఉన్న కారు తుడిచే గుడ్డతోనే వాటిని తుడుచుకున్నాడు. అప్పటినుంచి కారు పెళ్లికూతుళ్లను మోయడం మొదలుపెట్టింది.

కారు తనదైంది గాని వెనక సీటు మాత్రం తనది కాలేదు. వెనక సీటంటే సవారీ ఎక్కినవాళ్లది. డ్రైవరు అందులో కూర్చోవడమూ, జడ్జీగారు లేనప్పుడు ఆయన కుర్చీలో జవాను కూర్చోవడమూ ఒకటేనని ఆయన సిద్ధాంతం. తుడిచేటప్పుడు కూడా బయటే నిలబడి, నడుం వంచి, చేతిని మాత్రం లోపలికి పంపేవాడు. భార్యతో ఎక్కడికైనా వెళ్లాల్సి వస్తే ఆవిడను వెనక కూర్చోబెట్టేవాడు. ఇల్లు రాగానే దిగి, తల వంచి, తలుపు తీసేవాడు.

"మొగుడితో వెళ్లినట్టుండదమ్మా, ఎవర్నో అద్దెకి మాట్లాడుకుని వెళ్లినట్టుంటుంది" అని ఆవిడ పక్కింటివాళ్లతో వాపోయేది. "ఏదో ఒకరోజు అలవాటులో 'చాలా థాంక్సండీ' అనేసి గేటు మూసేసుకుంటానేమోనని నా భయం."

వాళ్లకు ఒక్కతే కూతురు. చిన్నప్పుడు ఆ పిల్ల వెనక సీటులో కూర్చునేది కాదు. వెనకవాళ్లు కాళ్లు పెట్టుకునేచోట నిలబడి, ముందు సీటు వీపును రెండు చేతులా పట్టుకుని, తండ్రి చెవి పక్కన గడ్డం ఆనించి, "నాన్నా, ఆ లారీని దాటెయ్, దాటెయ్" అంటూ ప్రయాణం చేసేది. తండ్రి మురిసిపోయేవాడు. లారీని దాటేవాడు కాదు.

ఇక బిరడాల సంగతి. ఇది లేకుండా ఆయన జీవితచరిత్ర పూర్తి కాదు, పైగా దీన్ని వినకుండా మా వీధిలో ఎవరూ తప్పించుకోలేదు. డాక్టరుగారి రోజుల్లో మట్టిరోడ్ల మీద వెళ్లినప్పుడు కింది నుంచి దుమ్ము లేచి ఆయన ప్యాంటుకు పట్టేదట. కుర్రడ్రైవరు పరిశోధనకు పూనుకుని, వెనక తివాచీ ఎత్తి చూస్తే, కింది రేకుకు గుండ్రటి కన్నాలు! కాళ్లు పెట్టుకునేచోట రెండు పక్కలా ఉన్నాయి, సీటు కిందా ఉన్నాయి. "చూడండి, అంత పెద్ద కంపెనీ, దేశదేశాలకూ కార్లు పంపే కంపెనీ. అడుగున కన్నాలు మూయడం మర్చిపోయింది!" ఇక్కడికి వచ్చేసరికి ఆయన గొంతులో కోపం కన్నా జాలి ఎక్కువ పలికేది. డాక్టరుగారి మందుసీసాల రబ్బరు బిరడాలు తెచ్చి పెడితే కొలిచి చేసినట్టు సరిపోయాయట. సుత్తితో బిగించి, పైన తారు పోసి, ఆపైన మందపాటి కంబళిగుడ్డ, దాని మీద రబ్బరు చాప, దాని మీద తివాచీ. దుమ్ము ఆగిపోయింది. డాక్టరుగారు పేపరు దించి "శభాష్" అన్నారు. ఆయన ప్రయాణంలో పేపరు దించిన సందర్భం అదొక్కటేనని వినికిడి.

ఆ శభాష్ మీద మన కథానాయకుడు జీవితమంతా బతికాడు.

ప్రతి పెళ్లి తర్వాతా కారుకు అభ్యంగనం జరిగేది. నలిగిన పూలు, ఒలికిన షర్బతు, ఎక్కువ తిన్న చిన్నపిల్లలు వదిలివెళ్లిన జ్ఞాపకాలు, అన్నిటి మీదా ఆయన గొట్టంతో నీళ్లు కొట్టేవాడు. బయటా లోపలా కూడా. తర్వాత తలుపులన్నీ బార్లా తీసి ఆరబెట్టేవాడు. తివాచీ ఆరిపోయేది. తివాచీ కింద ఏం జరుగుతోందని అడగాలని ఎవరికీ తోచలేదు. ఈమధ్య పెళ్లికూతుళ్లు కొందరు కాళ్లు పెట్టుకోగానే "అబ్బ, అడుగున పరుపు వేసినట్టు ఎంత మెత్తగా ఉందో!" అని మెచ్చుకుంటూ ఉండేవారు కూడా. ఆయన అద్దంలోంచి చూసి, "పాతకాలం పనితనం అమ్మా" అనేవాడు.

ఇలా ఉండగా మనవరాలు బడిలో చేరే రోజు దగ్గరపడింది. ఆ పిల్లను అందరం బుడంకాయ అనేవాళ్లం, అది తనకు బిరుదని ఆ పిల్ల అభిప్రాయం. బడికి మొదటిరోజు తాతయ్య కారులో వెళ్తున్నానని, తాతయ్య టోపీ పెట్టుకుని తలుపు తీస్తాడని, తాను పెళ్లికూతురిలాగా దిగుతానని బుడంకాయ వీధి చివరి ఇంటి దాకా చాటింపు వేసింది. తాతయ్య మాట కూడా ఇచ్చాడు. తెల్ల యూనిఫారం గంజి పెట్టించుకున్నాడు. అలాంటి సమయంలో కూతురు నోరు విప్పింది.

కూతురు పెద్దాసుపత్రిలో ఎముకల వార్డు నర్సు. ఇల్లు పక్క వీధిలోనే. ఆ రోజు పుట్టింట్లో అందరూ భోజనాల దగ్గర కూర్చున్నప్పుడు చాలా మామూలుగా అంది.

"నాన్నా, ఒక మాట. వెనక బెల్టులు పెట్టిస్తేనే ఇది ఆ కారెక్కుతుంది. లేకపోతే లేదు."

ఆయన నోట్లో ఉన్నది నమలడం మర్చిపోయాడు.

"బెల్టులా? ఎవరికి?"

"వెనక కూర్చునేవాళ్లకి."

"వెనకవాళ్లకెందుకమ్మా? ఏదన్నా అయితే దెబ్బ ముందున్నవాడికి కదా. వెనకవాళ్లకి అడ్డంగా అంత లావు సీటుంది."

"ఆ సీటుకే వచ్చి కొట్టుకుంటారు నాన్నా. ముందువాడి మెడ కూడా విరగ్గొడతారు. రోజూ చూస్తున్నాగా. 'ఇంత దూరానికి ఏమవుతుందిలే' అనుకున్నవాళ్లే మా వార్డు నిండా."

"నా చేతిలో ఇన్నేళ్లలో గీత పడలేదు."

"నువ్వు గుద్దవు. నిన్ను గుద్దేవాడు ముందుగా కబురుపెట్టి వస్తాడా?"

"డాక్టరుగారిని బస్తా కట్టినట్టు కట్టి తీసుకెళ్లానా నేను? పెళ్లికూతుళ్లని తాళ్లతో బిగించానా? ఏమిటే ఇది, మీ అమ్మాయి ఏమంటోందో విన్నావా?"

"విన్నాను," అంది భార్య, మజ్జిగ పోస్తూ. "డాక్టరుగారంటే పేపరు అడ్డం పెట్టుకునేవారు కాబట్టి మీరెలా తోలుతున్నారో చూడక ధైర్యంగా ఉన్నారు."

బుడంకాయ చాలాసేపటినుంచి ఏదో ఆలోచిస్తోంది. "తాతయ్యా, కారుకి బెల్టెందుకు? దానికి ప్యాంటు లేదుగా?"

ఆ ప్రశ్న ఆయనకు సబబుగా తోచింది. తన పక్షాన మాట్లాడిన ఏకైక మనిషి అదే కాబట్టి, సాయంత్రం దాకా ఆ పిల్లతో తప్ప ఎవరితోనూ మాట్లాడలేదు. కాని వీధంతా చాటింపు అయిపోయింది. మాట పోతుంది. మర్నాడు ముఖం గంటు పెట్టుకునే కారు బయటికి తీశాడు. కూతురికి ఆ రోజు సెలవు. ఈయన వేరే ఏదన్నా ఏర్పాటు చేసి వచ్చేస్తాడేమోనన్న అనుమానంతో తానూ వెంట బయల్దేరింది.

వెళ్లింది సీట్లు కుట్టే షాపుకు. షాపు సొంతదారు స్వయానా ఆయన బావమరిది. ఊళ్లో అతని పేరు 'ప్రస్తుతానికి'. ఏ పని ఇచ్చినా "ప్రస్తుతానికి ఇలా కానిద్దాం, తర్వాత చూద్దాం" అనడం అతని పద్ధతి. ఆ తర్వాత అనేది ఎప్పుడూ వచ్చేది కాదు. షాపు బోర్డు తీగతో వేలాడుతుండేది, ప్రస్తుతానికి. కుట్టుమిషను ఒక కాలు ఇటుక మీద, ప్రస్తుతానికి. తలుపు గడియకు బదులు ఒక చెంచా. అతను పెళ్లి కూడా ప్రస్తుతానికి అనుకునే చేసుకున్నాడని, ఈలోగా ముగ్గురు పిల్లలు పుట్టారని బావగారి వ్యాఖ్య.

"రా బావా, రా! కారుగారు కూడా వచ్చారే! ఏం, పరుపు అరిగిందా?"

"నీ మేనకోడల్ని అడుగు. నన్ను కట్టెయ్యాలంటోంది."

సంగతి విని ప్రస్తుతానికి గడ్డం గోక్కున్నాడు. "ఓస్, బెల్టులేనా! సీటు చట్రానికి రెండు మరలు కొట్టేస్తే…"

"సీటుకి కాదు మావయ్యా," అంది కూతురు. "సీటుతో సహా ఎగురుతారు. కింద బాడీకి బిగించాలి. బోల్టు కింద మందపాటి ఇనపరేకు పెట్టి. లేకపోతే లాగినప్పుడు ఊడొచ్చేస్తుంది."

"సరే తల్లీ, అలాగే. ముందు కొలత కావాలి. మనిషిని కూర్చోబెట్టి భుజం ఎక్కడికొస్తుందో, నడుం ఎక్కడికొస్తుందో గుర్తు పెట్టాలి. బావా, ఎక్కు."

"ఎక్కడికి?"

"వెనకకి."

ఆయన ఒకడుగు వెనక్కి వేశాడు. "నేను కూర్చోను. నువ్వు కూర్చో."

"నేను కూర్చుంటే టేపు నువ్వు పడతావా? కూర్చో బావా, సొంత కారేగా, ఏం కరుస్తుందా?"

"డ్రైవరు వెనక కూర్చోడు రా."

"నాన్నా, నీ మనవరాలి కోసం," అంది కూతురు. అంటూ తలుపు తీసింది. ఒక చెయ్యి తలుపు మీద, రెండోది వీపు వెనక, తల కాస్త వంచి.

ఆయన చుట్టూ చూసి, ఎవరూ గమనించడం లేదని రూఢి చేసుకుని ఎక్కాడు. కూర్చోగానే ఆయన ముఖం అదోలా అయిపోయింది. అక్కడినుంచి రోడ్డు కనపడదు. ఎదురుగా కనపడేది డ్రైవరు తల ఉండవలసిన చోటు. ఇన్నేళ్లూ తన వెనక కూర్చున్నవాళ్లందరూ ఏమీ చూడకుండా, కేవలం తన మెడ మీద నమ్మకంతో కూర్చున్నారన్నమాట!

"వెలుతురు చాలడం లేదు," అన్నాడు ప్రస్తుతానికి. "బండి కాస్త వెనక్కి తీద్దాం." ఆ షెడ్డు నేల వాకిలి వైపు కొంచెం వాలుగా ఉంటుంది. అతను కిటికీలోంచి చెయ్యి పెట్టి హ్యాండుబ్రేకు వదిలాడు. చక్రం దగ్గరున్న ఇటుకను కాలితో తన్నాడు.

కారు కదిలింది.

పెళ్లికారాయన జీవితంలో ఆ కారు ఆయన ప్రమేయం లేకుండా కదలడం అదే మొదలు. ఆయనకు ఎదురుగా స్టీరింగు కనిపిస్తోంది, దాని వెనక ఎవరూ లేరు. డ్రైవరు సీటు ఖాళీ. ఉన్న ఒక్క డ్రైవరూ వెనక కూర్చుని ఉన్నాడు. "ఆపండ్రోయ్!" అని అరుస్తూ, జీవితమంతా చేసిన అలవాటు చొప్పున కుడికాలు ఎత్తి బలమంతా పెట్టి బ్రేకు తొక్కాడు.

అక్కడ బ్రేకు లేదు. నేల కూడా లేదు.

భయమేస్తే కాళ్ల కింద భూమి కదిలిపోయిందంటాం. ఆయన విషయంలో కాలికి భూమి తగిలింది. తివాచీ, రబ్బరు చాప, కంబళి, తారు, రేకు, అన్నిటినీ చీల్చుకుని కాలు మోకాలి దాకా కిందికి దిగి, షెడ్డు గచ్చు మీద ఆనింది. కూతురు ఒక్క ఉరుకున ముందు తలుపు తీసి హ్యాండుబ్రేకు లాగింది. జానెడు జరిగి కారు ఆగింది. బూటు జానెడు అవతల నేల మీదే ఉండిపోయింది. మేజోడు వేసుకున్న కాలొకటి కారు కడుపులోంచి వేలాడుతోంది.

ప్రస్తుతానికి వంగి కారు కిందికి చూశాడు. లేచి బావ ముఖం చూశాడు. మళ్లీ వంగి చూశాడు.

"నాన్నా, దెబ్బ తగిలిందా?"

"బూటు," అన్నాడాయన. "నా బూటు."

కాలు జాగ్రత్తగా పైకి తీశారు. గీరుకుపోయింది, అంతకుమించి ఏం కాలేదు. ఆయన ఒంటి బూటుతో పక్కన నిలబడగా, సీటు ఊడదీసి బయట పెట్టారు. తివాచీ లాగారు, చాప లాగారు. కంబళి లాగబోతే పిండిలాగా చేతిలో పొడైపోయింది. దాని కింద రేకు ఉండాల్సిన చోట ఎర్రటి అట్టు ముక్కల్లాంటివి ఉన్నాయి. ప్రస్తుతానికి వేలితో పొడిచాడు. వేలు అవతలికి వెళ్లింది. కన్నంలోంచి షెడ్డు గచ్చు మీద చీమ ఒకటి పోతూ స్పష్టంగా కనిపించింది. సీటు కింద బెల్టు బోల్టులు దిగాల్సిన చోటు చూస్తే అక్కడా అదే భాగోతం. పెళ్లికూతుళ్లు మెచ్చుకున్న మెత్తదనం ఇదన్నమాట.

ఆ తుప్పు మధ్యలో నల్లగా, గుండ్రంగా, నిగనిగలాడుతూ కొన్ని వస్తువులు. ప్రస్తుతానికి ఒకటి పెరికి తీశాడు.

"ఇదేంటి బావా, రబ్బరు బిరడా! ఓరి నాయనో! ఇవి నీళ్లు పోవడానికి కంపెనీవాడు పెట్టిన కన్నాలు కదా. లోపలికి నీళ్లు పడితే కిందికి జారిపోవాలని. వీటికి బిరడాలు కొట్టినవాడెవడో గాని వాడి…"

అక్కడ ఆగిపోయాడు. బిరడాల కథ అతనూ విన్నాడు. అక్క పెళ్లిలో విన్నాడు, తన పెళ్లిలో విన్నాడు, పిల్లల పుట్టినరోజులన్నిటికీ విన్నాడు.

తీగకు వేలాడుతున్న బోర్డు గాలికి కిర్రుమంటోంది. పెళ్లికారాయన చెయ్యి చాపి బిరడా తీసుకుని చూశాడు. అన్నీ పోయాయి గాని బిరడా మాత్రం చెక్కుచెదరలేదు. పాతకాలం పనితనం.

కూతురు చూస్తున్నది బిరడాను కాదు. తండ్రి కాలు దిగబడిన కన్నం వైపు చూస్తోంది. వార్డులో ఎలాంటి మనిషిని తెచ్చి పడేసినా చెయ్యి వణకని మనిషి, చిన్నగా అడిగింది.

"నేను నిలబడేది… అక్కడే కదూ నాన్నా?"

అవును అక్కడే. గడ్డం తన చెవి పక్కన ఆనించి. అప్పటికి రేకు గట్టిగానే ఉండేదేమో. ఉండేదా? ఎప్పటినుంచి లేదు? ఆయన ముక్కాలిపీట మీద కూలబడ్డాడు. ఆయన కళ్ల ముందు పెళ్లిళ్లు తిరగడం మొదలైంది. చేపల కాంట్రాక్టరు కూతురు, ఆ పక్క ఒకరూ ఈ పక్క ఒకరూ భారీ మేనత్తలు. వంతెన మీద వెనక నిలబడి పాట పాడిన పెళ్లికొడుకు స్నేహితులు. కొత్తగా పెళ్లైన జంట ఒళ్లో వేసుకున్న, ఎవరిదో తెలియని పసిబిడ్డ. వాళ్లందరి కింద రోడ్డు సర్రున వెనక్కి పోతూ ఉండగా, తాను ముందు కూర్చుని అద్దంలోంచి చిరునవ్వులు పంచుతూ…

"తుక్కుకి ఇచ్చేస్తాను," అన్నాడు.

తుక్కుకి ఇవ్వలేదు. రెండు రోజులు కారు మొహం చూడలేదు, అన్నం సరిగ్గా తినలేదు. మూడోరోజు భార్య వచ్చి పక్కన కూర్చుంది. "నన్ను కూడా ఆ వెనకే కూర్చోబెట్టి తిప్పారు కదండీ ఇన్నేళ్లూ. పడిపోతే ఇల్లు చేరాక గాని మీకు తెలిసేది కాదు. తలుపు తీసి, తల వంచుకుని, ఎంతసేపు నిలబడేవారో పాపం!" ఆయనకు నవ్వు రాలేదు గాని ఊపిరి వచ్చింది. కూతురు అంతకంటే తక్కువ మాట్లాడింది. "మాటిచ్చావు నాన్నా. నువ్వు ఇంత తేలిగ్గా తప్పించుకుంటే కుదరదు. బాగుచేయించు."

బాగుచేసింది గేట్లమ్మ. గేట్లు, కిటికీ చువ్వలు వెల్డింగు చేసే ఆవిడ. ముసుగు తీస్తే కోపం, వేసుకుంటే మౌనం. కుళ్లిన రేకంతా కోసేసి, కొత్త రేకు అతికించి, బెల్టు బోల్టులు పడే చోటల్లా అడుగున మందపాటి ముక్కలు అతకాలి. ఆవిడ పనిచేసినన్నాళ్లూ పెళ్లికారాయన పక్కనే పీట వేసుకుని కూర్చున్నాడు.

"అమ్మా, నీళ్లు పోయే కన్నాలు…"

"పెట్టానండీ."

"ఇంకో రెండు పెడితే?"

ఆవిడ ముసుగు ఎత్తి చూసింది. "కారు కావాలా, జల్లెడ కావాలా మీకు?"

బడి తెరిచే ముందురోజు సాయంత్రానికి సీటు లోపలికి వెళ్లింది, నల్లటి కొత్త బెల్టులు వచ్చాయి. బోల్టులు బిగించే పని బావమరిది ప్రస్తుతానికిది. "పెళ్లికూతురిలాగా ఉంది బావా, ఇక చూస్కో" అని చేతులు దులుపుకుని వెళ్లాడు.

తెల్లవారింది. బుడంకాయ కొత్త బ్యాగుతో, కొత్త బూట్లతో వాకిట్లో నిలబడింది. వీధిపిల్లలు గేటు పట్టుకుని వేలాడుతున్నారు. పెళ్లికారాయన గంజి పెట్టిన తెల్ల యూనిఫారంలో, టోపీ పెట్టుకుని బయటికి వచ్చి వెనక తలుపు తీశాడు. బుడంకాయ పాదం ఎత్తింది.

"ఉండు," అన్నాడు.

అని తానే ఎక్కాడు. కిటికీ పక్కన, పిల్ల కూర్చోవలసిన చోట కూర్చుని బెల్టు పెట్టుకున్నాడు. పెట్టుకుని, ఉన్నట్టుండి పూనకం వచ్చినవాడిలా ముందుకు విసురుకున్నాడు. ఒకసారి, రెండోసారి, ముందు సీటుకు కాళ్లు తన్నిపెట్టి మూడోసారి. కింద ఎక్కడో 'టక్' మంది.

ఆ చప్పుడు ఇంకెవరికీ వినపడలేదు. ఆయన దిగి, గంజి యూనిఫారంతో అలాగే కారు కింద వెల్లకిలా పడుకున్నాడు. భార్య "అయ్యో, తెల్లబట్టలు!" అంటూనే ఉంది. టోపీ దొర్లుకుంటూ మురుగు కాలువ దాకా వెళ్లింది. ఆయన బయటికి వచ్చేసరికి వీపంతా నూనె, ముఖమంతా దిగ్భ్రాంతి.

"రేకు లేదు," అన్నాడు. "ఆ బోల్టు కింద రేకు లేదు. గవ్వంత వాషరు పెట్టాడు. అది అప్పుడే గిన్నెలాగా వంగిపోయింది."

సరిగ్గా అప్పుడే మేనకోడలి కూతురి వైభవం చూడ్డానికి వచ్చిన ప్రస్తుతానికి, వచ్చిన దారినే వెళ్లబోయాడు. ఆయన అతని చొక్కా పట్టుకున్నాడు.

"అదేం లేదు బావా… గేట్లమ్మ దగ్గర ఆ ఒక్క ముక్క తక్కువైంది. సాయంత్రానికి కోసి ఇస్తానంది. ప్రస్తుతానికి వాషరుతో…"

ఆయన కొట్టలేదు. తిట్టనూ లేదు. చొక్కా వదిలేసి, జేబులోంచి నల్లటి బిరడా తీసి బావమరిది చేతిలో పెట్టాడు. "ఉంచుకో. నేను కూడా ప్రస్తుతానికే పెట్టాను దాన్ని."

బుడంకాయ పెదవి వంకర్లు తిరగడం మొదలైంది. అమ్మమ్మ ముందుకొచ్చింది. "పోనీలెండి, ఇదుగో ఈ మలుపు దాకానేగా. దాన్ని నేను ఒళ్లో గట్టిగా పట్టుకుంటాను. ఇంత దూరానికి ఏమవుతుంది?"

కూతురు జవాబు చెప్పడానికి నోరు తెరిచింది. ఆవిడకన్నా ముందే తండ్రి అందుకున్నాడు.

"ఇంత దూరానికి ఏమవుతుందిలే అనుకున్నవాళ్లే మనమ్మాయి వార్డు నిండా ఉన్నారు. అది ఎక్కదు. ఇవాళ ఎక్కదు."

కూతురు బుడంకాయ బ్యాగు తీసి తండ్రికి అందించింది.

నడిచే వెళ్లారు. ముందు కోపంగా బుడంకాయ, నాలుగడుగులు వెనక బ్యాగు పట్టుకుని తాతయ్య, వీపు మీద నూనె మరకతో. వెనక మేమందరం, ఎందుకంటే ఇలాంటిది మా వీధిలో ఎప్పుడూ జరగలేదు. "కారేదీ? కారేదీ?" అని పిల్లలు ఆటపట్టించారు. బుడంకాయ ఒక్కసారి వెనక్కి తిరిగి, "మా కారుకి బాలేదు!" అని అరిచి మళ్లీ నడిచింది.

బడి గేటు దగ్గర వాహనాల రద్దీ. అక్కడికి రాగానే ఆయన ఠక్కున ఆగాడు. చూపు బ్యాంకు మేనేజరు వాహనం మీద పడింది. వెనక కాళ్లు పెట్టుకునేచోట మేనేజరుగారి కొడుకు నిలబడి ఉన్నాడు. ముందు సీటు వీపును రెండు చేతులా పట్టుకుని, తండ్రి చెవి పక్కన గడ్డం ఆనించి.

దాని వెనక వాహనంలో ఇంకో పిల్ల, అలాగే. దాని వెనక దాంట్లో ఇద్దరు. ఈ దారిన రోజూ వెళ్లేవాడే ఆయన. ఎప్పుడూ కనపడలేదు.

ఆయన రోడ్డు మధ్యకు నడిచి, మేనేజరుగారి ముందు రెండు చేతులూ అడ్డం పెట్టి నిలబడ్డాడు. కీచుమని బ్రేకు. వెనక కుర్రాడి నుదురు సీటుకు టప్పున తగిలింది.

"ఏంటండీ ఇది! జరగండి, టైమైపోతోంది!"

"బాబు నిలబడ్డాడు."

"వాడెప్పుడూ అలాగే నిలబడతాడండీ. వాడికదే ఇష్టం."

"మా అమ్మాయికీ అదే ఇష్టంగా ఉండేది," అన్నాడాయన. "కూర్చోబెట్టండి సార్. మీ కారుకి వెనక బెల్టులున్నాయిగా? మీ కారు కొత్తది, కిందంతా గట్టిగా ఉంటుంది. పెట్టండి సార్, దండం పెడతాను."

మేనేజరుగారు నిర్ఘాంతపోయారు. బెల్టు సంగతికి కాదు. మా వీధివాళ్లం కూడా నోళ్లు వెళ్లబెట్టాం. పెళ్లికారాయన ఇంకొకరి బండిని కారు అనడం మేం వినడం అదే మొదలు, అదీ ఒకే గుక్కలో రెండుసార్లు. ఆ అదిరిపాటులో మేనేజరుగారు మారుమాట్లాడకుండా దిగి, వెనక్కి వెళ్లి, కొడుకును కూర్చోబెట్టి బెల్టు పెట్టారు. గేటు అక్కడికి పదడుగులుంటుంది.

ఆయన అప్పటికే దాని వెనక వాహనం కిటికీ కొడుతున్నాడు.

"తాతయ్యా!" బుడంకాయ గేటు దగ్గర కాళ్లు నేలకేసి కొడుతోంది. "బెల్లయిపోయింది! టీచరు తిడుతుంది!"

ఆయన ఉలిక్కిపడి పరుగెత్తుకొచ్చాడు. గేటు తీశాడు. ఒక చెయ్యి గేటు మీద, రెండోది వీపు వెనక, తల కాస్త వంచి. టోపీ లేదు. బుడంకాయ ఆ గేటులోంచి పెళ్లికూతురిలాగా కాకపోయినా, కనీసం పెళ్లివారి మీద అలిగినదానిలాగా లోపలికి నడిచింది. రెండడుగులు వేసి తిరిగింది.

"రేపైనా కారులో తీసుకొస్తావా?"

"సాయంత్రం మీ చిన్నతాతయ్య రేకు పెడతాడుగా. పెట్టాక…"

"పెట్టాక?"

"నేను కింద పడుకుని చూశాక చెప్తాను."